ఖైదీలను సరిహద్దుకు పంపాలా, కూలి పనికి పంపాలా? తిరుపతి, చిత్తూరు మిత్రులు చెప్పండి

శీను_చంద్రగిరి (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం లీలామహల్ సెంటర్లో టీ తాగుతుంటే మా స్నేహితుల మధ్య పెద్ద వాదన జరిగింది. రాత్రంతా అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

గుజరాత్‌లోని మోర్బీ నుంచి చదువుకోసం రష్యా వెళ్లిన 22 ఏళ్ల కుర్రాడు యుక్రెయిన్ సైన్యానికి దొరికిన వీడియో 2025 అక్టోబరులో బయటికొచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. డ్రగ్స్ కేసులో తనకు ఏడేళ్లు శిక్ష పడిందని, జైల్లో ఉండలేక సైన్యంలో చేరతానని సంతకం పెట్టానని, 16 రోజులు మాత్రమే ట్రైనింగ్ ఇచ్చి యుద్ధానికి పంపారని అందులో చెప్పాడు. మూడు రోజులకే వెళ్లి లొంగిపోయాడట.

అది చూసి మా వాడొకడు, "మన దగ్గర కూడా ఇలాగే చేయాలి. మర్డర్లు చేసినవాళ్లకు ఊరికే అన్నం పెట్టే బదులు సరిహద్దుకు పంపితే మన జవాన్ల ప్రాణాలైనా మిగులుతాయి" అన్నాడు. ఇంకొకడు, "సరిహద్దు వద్దు, తోటల్లో, ఫ్యాక్టరీల్లో పని చేయించండి, ప్రభుత్వానికి ఖర్చు తగ్గుతుంది" అన్నాడు. నాకు రెండూ తప్పనిపించాయి. ఎందుకు తప్పో మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

హవల్దార్_పలమనేరు (రాత్రి 9:40)

శీనూ, నేను 22 ఏళ్లు సర్వీసు చేసి వచ్చాను. మొదటి మాటకు జవాబు నేను చెబుతాను.

రాత్రి కాపలాలో ఇద్దరం ఉంటాం. రెండు గంటలు నేను మేలుకుంటే రెండు గంటలు అతను. అతని చేతిలో నిండా గుళ్లున్న తుపాకీ ఉంటుంది, నేను పక్కనే నిద్రపోతాను. సైన్యం అంటే అంతే. జైలు తప్పించుకోవడానికి వచ్చినవాడి పక్కన ఏ జవానూ కన్ను మూయలేడు. అతను చెడ్డవాడని నేను అనడం లేదు. అతను వచ్చిన కారణం వేరు, నేను వచ్చిన కారణం వేరు.

ఇంకో మాట. మన జిల్లాలో పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికి లేచి రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు, ఒక్క సెలక్షన్ కోసం. 2022 జూన్‌లో సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో అగ్నిపథ్ గొడవ జరిగినప్పుడు, విధ్వంసంలో పాల్గొన్నవాళ్లకు సైన్యంలో చోటు లేదని, చేరేవాళ్లు ఆ గొడవల్లో లేమని హామీ పత్రం ఇవ్వాలని సైన్యాధికారులే చెప్పారు. ఒక్క కేసుంటే పోలీస్ వెరిఫికేషన్‌లో ఆగిపోయే ఉద్యోగం ఇది. దాన్ని శిక్షగా మారిస్తే ఆ పరిగెత్తే పిల్లల్ని అవమానించినట్టే.

ఎస్వీయూ_చరిత్ర (రాత్రి 10:05)

హవల్దార్ గారి మాటకు రష్యా అనుభవమే సాక్ష్యం. 2022లో ప్రిగోజిన్ అనే రష్యా వ్యాపారి తన వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యం కోసం స్వయంగా జైళ్లకు వెళ్లి ఖైదీలను చేర్చుకున్నాడు. ఆరు నెలలు బతికి బయటపడితే క్షమాభిక్ష, మధ్యలో పారిపోతే మరణం. అదీ ఒప్పందం. సుమారు 50,000 మంది ఖైదీలను తీసుకున్నామని, వాళ్లలో ఐదో వంతు చనిపోయారని 2023 మేలో అతనే చెప్పాడు. బఖ్‌ముత్ ఊరి కోసం జరిగిన పోరులో శత్రువు ఎక్కడినుంచి కాలుస్తున్నాడో తెలుసుకోవడానికి వీళ్లను ముందు తోలేవారు. ఆ తర్వాత రష్యా రక్షణశాఖే స్టార్మ్-జెడ్ పేరుతో అలాంటి దళాలు నడిపింది. 2024 మేలో యుక్రెయిన్ కూడా ఖైదీలను చేర్చుకునే చట్టం తెచ్చింది. ఇద్దరిని అంతకంటే ఎక్కువమందిని చంపినవాళ్లను, లైంగిక నేరాలు చేసినవాళ్లను మినహాయించింది. గీత అక్కడైతే గీశారు, కానీ దారి అదే.

మనవాళ్లకూ ఈ అనుభవం ఉంది, మరిచిపోయాం. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, కూలీలు చాలక 1916 నుంచి బ్రిటిషువాళ్లు మన దేశపు జైళ్లలోంచి వేలమందిని తీసుకెళ్లారు. జైల్ లేబర్ కోర్ అని పేరు పెట్టారు. బస్రాలో మూటలు మోయడం, రోడ్లు వేయడం, పాకీ పని. సర్వీసు పూర్తి చేస్తే మిగతా శిక్ష మాఫీ అని ఆశ చూపించారు. తుపాకీ ఇవ్వలేదు, తట్ట ఇచ్చారు. ఒకవైపు సైన్యం, ఒకవైపు చవక కూలి అని మనం విడదీసి మాట్లాడుతున్నాం. అప్పట్లో రెండూ ఒకటే.

తోతాపురి_రైతు (రాత్రి 10:31)

నాది బంగారుపాళ్యం దగ్గర ఊరు. ఎనిమిదెకరాల మామిడి తోట. సైన్యం సంగతి నాకు తెలియదు, పని సంగతి చెబుతాను. తప్పుగా అనుకోవద్దు.

2025 సీజన్‌లో కిలోకు 12 రూపాయలు అన్నారు. అందులో ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. కాయ కోసేవాళ్ల కూలి, ట్రాక్టరు బాడుగ, ఫ్యాక్టరీ గేటు ముందు రెండు మూడు రోజుల వెయిటింగు, అన్నీ పోగా ఏం మిగులుతుందో ఇక్కడున్న రైతులకు తెలుసు. కూలీలు దొరకరు, దొరికినా రేటు జాస్తి. అక్కడ జైల్లో ఒంట్లో బలమున్న మనుషులు ఖాళీగా కూర్చున్నారు. జూన్, జూలై రెండు నెలలు కాపలా పెట్టి తోటలకు పంపితే వాళ్లకూ గాలి తగులుతుంది, మాకూ సాయం. ఇందులో తప్పేముంది?

గ్రీమ్స్‌పేట_గిరి (రాత్రి 10:48)

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ జాస్తి రేటు తీసుకునే కూలి మా అమ్మ. సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడి కాయ కోస్తుంది. రసం తగిలి చేతులు పుండ్లు పడతాయి. ఆ రెండు నెలల డబ్బుతోనే నా ఫీజు కట్టింది.

సగం కూలికి జైలు నుంచి మనుషులు వస్తారంటే మా అమ్మను ఎవరు పిలుస్తారు? పిలిచినా, వాళ్లకిచ్చే రేటే తీసుకో అంటారు. కాయకు ధర లేకపోవడానికి కారణం కూలి కాదని మీకూ తెలుసు అన్నా. ధర పెట్టేది కూలీలు కాదు.

న్యాయవాది_తిరుపతి (రాత్రి 11:20)

చట్టం ఏం చెబుతుందో కొంచెం వివరంగా రాస్తాను. ఓపికతో చదవండి.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని, బలవంతపు పనిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అదీ బలవంతపు పనే అని చెప్పింది. ఆకలి తరుముతుంటే పనికి వచ్చినవాడు ఇష్టపడి వచ్చినట్టు కాదని ఆ తీర్పులో ఉన్న ఆలోచన. ఖైదీ సంగతికి వస్తే ఈ మాట ఇంకెంత నిజమో చూడండి.

1998లో గుజరాత్ కేసులో ఖైదీల కూలి సంగతే నేరుగా తేల్చింది. కఠిన కారాగార శిక్ష పడినవాడితో పని చేయించవచ్చు, అది రాజ్యాంగానికి విరుద్ధం కాదు. కానీ న్యాయమైన కూలి ఇవ్వాలి. తిండికి, బట్టకు అయ్యే ఖర్చు అందులోంచి పట్టుకోవచ్చు. ఆ కూలిలో కొంత భాగం బాధితుల కుటుంబాలకు చేరేలా ఏర్పాటు చేయాలని కూడా ఆ తీర్పు చెప్పింది. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు.

రైతు సోదరుడికి: ఖైదీలను ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు అప్పగించి పని చేయించడాన్ని 1930 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక ఒప్పుకోదు. మన దేశం దాన్ని 1954లో ఆమోదించింది. ప్రభుత్వ పర్యవేక్షణలో జైలు వ్యవసాయ క్షేత్రంలో పని చేయడం వేరు. అనంతపురంలో అలాంటి ఓపెన్ ఎయిర్ జైలు ఎప్పటినుంచో ఉంది. మీ తోటకో, నా తోటకో మనుషుల్ని తోలడం వేరు.

అసలు జైల్లో ఉన్నవాళ్లంతా శిక్ష పడినవాళ్లు కారు. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. మన కోర్టుల్లో చూడండి, జవ్వాదు కొండల నుంచి శేషాచలానికి వచ్చి ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన తమిళ కూలీలు ఎంతమందో. జామీను ఇచ్చేవాళ్లు లేక నెలల తరబడి రిమాండులో ఉంటారు. వీళ్లతో పని చేయించే హక్కు ఎవరికీ లేదు.

పుత్తూరు_అమ్మాయి_ఫ్రీమాంట్ (ఆదివారం, ఉదయం 6:02)

నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. 2025 జనవరిలో లాస్ ఏంజిల్స్ తగలబడినప్పుడు మంటలార్పినవాళ్లలో వెయ్యిమందికి పైగా ఖైదీలే. అప్పట్లో రోజుకు వాళ్లకిచ్చిన డబ్బు 5 డాలర్ల 80 సెంట్ల నుంచి 10 డాలర్ల 24 సెంట్ల దాకా. మంటల్లో ఉన్నప్పుడు గంటకు ఇంకో డాలరు ఇచ్చేవారు. ఇక్కడ ఒక కాఫీ కొంటే ఐదు డాలర్లవుతుంది.

అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణలోనే, నేరానికి శిక్షగా తప్ప, అనే మాట పెట్టారు. ఆ ఒక్క మాట పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లను చిన్నచిన్న కేసుల్లో జైల్లో వేసి గనులకు, తోటలకు అద్దెకిచ్చాయి. అలబామాలో 1928 దాకా అది సాగింది. కాలిఫోర్నియాలో బలవంతపు జైలు పనిని తీసేద్దామని 2024 నవంబరులో ఓటింగు పెడితే జనం వద్దన్నారు. నేను చాలా బాధపడ్డాను.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మంటలార్పే పనికి ఖైదీలు ఇష్టపడే వెళతారు. సెల్లులో కూర్చోవడం కంటే అదే నయం అంటారు. పని వద్దని వాళ్లు అడగడం లేదు.

మాధవి_కె (ఉదయం 8:15)

అందరూ ఖైదీల హక్కుల గురించి బాగా రాశారు. నేను వేరే వైపు నుంచి రాస్తాను.

మా నాన్నను పొలం గట్టు తగాదాలో చంపేశారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. కోర్టు చుట్టూ ఆరేళ్లు తిరిగాం. ప్రతి వాయిదాకు అమ్మ ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చేది. చివరికి యావజ్జీవం పడింది. రేపు అతన్ని సైన్యానికి పంపి ఆరు నెలల్లో వదిలేస్తామంటే, మా ఆరేళ్లు ఏమైనట్టు? మా ఊరి బస్టాండులో అతను నాకు ఎదురొస్తే నేనేం చేయాలి?

ఇక అతనికి కూలి ఎంత ఇవ్వాలి అన్న చర్చ చదువుతుంటే నిజంగా ఒళ్లు మండింది. మా అమ్మకు ఎవరూ కూలి లెక్క కట్టలేదు.

ఎస్వీయూ_చరిత్ర (ఉదయం 8:50)

మాధవి గారూ, మీ భయం ఊహ కాదు. రష్యాలో ఒక యువతిని హింసించి చంపినవాడికి 2022లో 17 ఏళ్లు శిక్ష పడింది. ఏడాది తిరగకముందే, 2023లో, యుద్ధానికి వెళ్లినందుకు క్షమాభిక్ష పెట్టేశారు. సైనిక దుస్తుల్లో అతని ఫొటో చూసి ఆ తల్లికి సంగతి తెలిసింది. 2006లో హత్యకు గురైన జర్నలిస్టు అన్నా పొలిత్‌కొవ్‌స్కాయా కేసులో 20 ఏళ్లు శిక్ష పడినవాణ్నీ ఇలాగే వదిలేశారు. ఆమె పిల్లలను ఎవరూ అడగలేదు.

న్యాయవాది_తిరుపతి (ఉదయం 9:10)

మాధవీ, మన దగ్గర అంత సులువు కాదమ్మా. మరణశిక్ష కూడా పడగల నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లు నిండకుండా ప్రభుత్వం మామూలుగా విడుదల చేయడానికి వీల్లేదు.

కూలి విషయంలో నీ కోపం నాకు అర్థమైంది. అందుకే ఆ 1998 తీర్పు ఇంకోసారి చూడమంటున్నాను. బాధితుల వాటా వచ్చేది ఖైదీ కూలిలోంచే. అతనికి ముష్టి వేసినట్టు నాలుగు రూపాయలిస్తే మీ అమ్మ వాటాకు వచ్చేది పైసలే. చవకగా పని చేయించుకున్నప్పుడు లాభపడేది మీరూ కాదు, అతనూ కాదు. మీకు రావలసింది వచ్చిందో లేదో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు. నాకు మెసేజ్ పెట్టు, నేను తోడు వస్తాను.

అన్న_కోసం (ఉదయం 11:37)

నిన్న రాత్రి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మాధవి గారూ, మీరు చదివి నన్ను తిట్టినా సరే.

మా అన్న ఏడేళ్లు జైల్లో ఉన్నాడు. గొడవలో తోసేశాడు, అవతలివాడి తల రాయికి తగిలి చనిపోయాడు. అన్న తప్పు చేశాడు, మేం ఎప్పుడూ కాదనలేదు. ఏ జైలో రాయను.

మొదటి ఏడాది పని ఇవ్వలేదు. ములాఖత్‌కు వెళ్తే జాలీ అవతల నిలబడి ఏమీ మాట్లాడేవాడు కాదు. పగలు గడవదు, రాత్రి నిద్ర రాదు అనేవాడు. తర్వాత ఊడ్చే పనిలో వేశారు. మా కులం అడిగాకే వేశారు. వంటగదిలో వేరేవాళ్లుండేవారు. జైళ్లలో కులాన్ని బట్టి పని ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు ఇచ్చినప్పుడు అన్న పేపరు కట్టింగు కత్తిరించి దాచుకున్నాడు. అప్పటికి బయటికొచ్చి ఐదేళ్లయింది.

మూడో ఏడాది కొత్తగా వచ్చిన ఒక అధికారి బేకరీలో వేశాడు. అక్కడినుంచి మనిషి మారాడు. బన్ను, బ్రెడ్డు, ఉప్పు బిస్కెట్టు, దిల్‌పసంద్, అన్నీ నేర్చుకున్నాడు. ఓవెన్ వేడి చేత్తో చూసి చెబుతాడు. ములాఖత్‌లో పిండి ఎలా పొంగిందో చెప్పేవాడు. అమ్మ ఏడ్చేది, సంతోషంతో.

కూలి మాత్రం బయట ఇచ్చేదాంట్లో పదో వంతు కూడా కాదు. నాలుగేళ్లు రోజూ చేసి, అన్నీ పట్టుకోగా బయటికి వచ్చేటప్పుడు చేతికి పదకొండు వేల చిల్లర వచ్చింది. ఆ ఏళ్లలో వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. నెలకు ఒక మూడు వేలు పంపగలిగినా ఆమె ఉండేదేమో. నాకు తెలియదు.

ఎవరో జైల్లో ఖాళీగా కూర్చున్నారన్నారు. ఖాళీగా కూర్చోవడమే అన్నిటికంటే పెద్ద శిక్ష. అందుకే ఏం చూపించినా సంతకం పెట్టేస్తారు. ఆ మోర్బీ పిల్లవాడూ అందుకే పెట్టి ఉంటాడు. మా అన్నకు మొదటి ఏడాదిలో ఎవరైనా కాగితం ఇచ్చి యుద్ధానికి పోతావా అని అడిగి ఉంటే, ఏ దేశం అని కూడా అడగకుండా పెట్టేసేవాడు. అది ఇష్టమంటారా?

హవల్దార్_పలమనేరు (మధ్యాహ్నం 12:05)

లేదు తమ్ముడూ. అది ఇష్టం కాదు. నేను సంతకం పెట్టిన రోజు ఇంటికి వెళ్లిపోయే దారి నాకు తెరిచే ఉంది.

తోతాపురి_రైతు (మధ్యాహ్నం 12:40)

ఖాళీగా కూర్చున్నారని అన్నది నేనే. మన్నించు నాయనా. నేను మా తోట లెక్క మాత్రమే చూసుకున్నాను.

గిరీ, మీ అమ్మగారి విషయంలోనూ నువ్వన్నది నిజమే. నా కోపం కూలీల మీద కాదు, కాయ కోశాక మూడు రోజులు గేటు ముందు నిలబెట్టేవాళ్ల మీద. కానీ ఒక అనుమానం మిగిలింది. పూర్తి కూలి ఇచ్చి, జైలువాళ్లే తోట కౌలుకు తీసుకుని చేయిస్తే? అప్పుడు ఎవరి కూలీ తగ్గదు కదా?

న్యాయవాది_తిరుపతి (మధ్యాహ్నం 1:15)

అలా అయితే ఆలోచించవచ్చు. పని ఒప్పుకునే, మానుకునే వీలు అతనికి ఉండాలి, ప్రమాదం జరిగితే పరిహారం ఉండాలి. మన రాష్ట్రంలో జైళ్లశాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలు పని చేస్తుంటారు. జనం వచ్చి పెట్రోలు పోయించుకుని వెళ్తారు, వాళ్లూ మనుషులతో మాట్లాడతారు. కొత్త న్యాయసంహిత 2024 జూలై 1 నుంచి చిన్న నేరాలకు జైలు బదులు సమాజ సేవను కూడా శిక్షగా పెట్టింది. ఐదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగి ఇచ్చేస్తే జైలుకు పోకుండా సేవ చేయవచ్చు. అసలు లోపలికి వెళ్లేవాళ్లే తగ్గితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

మాధవి_కె (సాయంత్రం 4:20)

మీ పోస్టు రెండుసార్లు చదివాను, అన్న_కోసం గారూ. తిట్టను. కానీ మా నాన్నను చంపినవాడు తోయలేదు, కత్తితో కాచుకుని చేశాడు. అతన్ని క్షమించమని మాత్రం నన్నెవరూ అడగొద్దు.

అతను ఏదో ఒక పని నేర్చుకుని వస్తే నాకు అభ్యంతరం లేదు. ఏ పనీ రాకుండా, చేతిలో డబ్బు లేకుండా అదే ఊరికి వస్తేనే నాకు ఎక్కువ భయం. మేడమ్, మీకు మెసేజ్ పెట్టాను.

శీను_చంద్రగిరి (సాయంత్రం 6:30)

ఇవాళ సాయంత్రం మళ్లీ అదే టీ కొట్టు దగ్గర మావాళ్లకు ఫోనులో ఇదంతా చదివి వినిపించాను. సరిహద్దుకు పంపాలన్నవాడు అన్న_కోసం గారి పోస్టు దగ్గర ఆపమని, ఫోను తీసుకుని తనే చదువుకున్నాడు. మెసపొటేమియా సంగతి వాడు నమ్మలేదు. చరిత్ర గారూ, దాని గురించి ఇంకా రాయండి.

అన్న_కోసం గారూ, మీ అన్న ఇప్పుడేం చేస్తున్నారు?

అన్న_కోసం (సాయంత్రం 6:52)

పెళ్లిళ్లకు వంట మేస్త్రీల దగ్గర సహాయకుడిగా వెళ్తున్నాడు. బేకరీల్లో అడిగితే, పని చేయించి చూసి బాగుందంటారు. ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాక మళ్లీ ఫోను చేయరు. అబద్ధం చెప్పమంటే చెప్పడు.

రేణిగుంట_బేకరీ (రాత్రి 8:10)

నేనిక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను. నాకు మాస్టర్ కావాలి. ఉన్నాయన మోకాళ్ల నొప్పితో మానేశాడు. రోజుకు 800, తిండి, పైన గది ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు ఓవెన్ వెలిగించాలి, ఆ టైము మాత్రం తప్పకూడదు. ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పుడే చదివాను కాబట్టి మళ్లీ అడగను. నంబరు మెసేజ్‌లో పెట్టాను.

అన్న_కోసం (రాత్రి 8:31)

చూశాను సార్. అన్న పక్కనే ఉన్నాడు. ఓవెన్ కట్టెలదా, డీజిల్‌దా అని అడుగుతున్నాడు.